మదురై నుంచి షీట్లు వచ్చాయి, సారు రాలేదు

కొత్తగా డాక్టరైనవాళ్ళ దగ్గరికి జబ్బు చెప్పుకోవడానికి రోగులు రావడం ఆలస్యమయ్యేది గానీ, చేతికి రాబోయే జీతాన్ని ఎక్కడ పెట్టాలో చెప్పడానికి మనుషులు రావడం మాత్రం ఆ రోజుల్లో ఎన్నడూ ఆలస్యం కాలేదు. తొంభైల చివరి మాట ఇది, తమిళనాడులో. కోవిల్‌పట్టిలో మా అమ్మా నాయనా ఇద్దరూ అగ్గిపెట్టెల కంపెనీలో పనిచేసేవాళ్ళు. అమ్మ పెట్టెలకి లేబుళ్ళు అంటించేది, నాయన పుల్లలకి మందు ముంచేవాడు. ఆ ఇంట్లోంచి ఒక ఆడపిల్ల డాక్టరై బయటికి వచ్చిందంటే వీధిలో తలా ఒక వాటా ఉన్నట్టే. ఎదురింటి అత్త నన్ను "మా డాక్టరమ్మ" అని పిలిచేది. ఆ "మా"లో నా జీతం మీద కొంచెం హక్కు కూడా వినిపించేది (నాకే అలా అనిపించేదేమో, జీతం తక్కువగా ఉన్నప్పుడు చెవులు ఎక్కువ పనిచేస్తాయి).

ఉద్యోగం విరుదునగర్‌లో, ఒక ప్రైవేటు నర్సింగ్ హోములో డ్యూటీ డాక్టరుగా. పొద్దున్నే బస్సెక్కి, సాత్తూరు దాటేలోపు ఒక కునుకు తీసి, మిరపకాయల మండీల ఘాటుకి తుమ్ముతూ దిగేదాన్ని. మొదటి జీతం అందిన ఆదివారం మా ఇంట్లో ఒక చిన్న సభే జరిగింది. అమ్మది ఒకటే మాట. "బంగారు కొని పెట్టుకోవే పాపా. కాగితమైతే చింపితే పోతాది. బంగారుని ఎవురు చింపుతారు?" మా చిన్నమ్మ భర్త బీమా ఏజెంటు. ఊళ్ళో సగం మందికి ఆయన పేరు తెలియదు, పాలసీ చిన్నాయన అంటేనే తెలుసు. ఆయన ఎవరికి పాలసీ అమ్మాలన్నా ముందు వాళ్ళని చంపేసి గానీ మాట మొదలుపెట్టడు. ఆ రోజు కూడా కాఫీ గ్లాసు కింద పెట్టి, "ఇప్పుడు ఈ పిల్ల బస్సుకింద పడి పోయిందనుకో..." అన్నాడో లేదో, అమ్మ చేతిలో చీపురు లేచింది.

"నీ నోట్ల మట్టి పడ! సంబళం తెచ్చిన దినమే పిల్ల పోతాదంటావా?"

"పోతే అని చెప్పితి వదినా, పోతాదని చెప్పలా. సరి, పోవద్దు. ఉండనీ. ఉంటే పెండ్లి అవుతాది గదా? పెండ్లయితే కూతురు పుడతాది గదా? ఆ కూతురు పెండ్లికి దా ఈ పాలసీ." (తమిళం నుంచి మా ఇంటి తెలుగులోకి దూరిన ఈ "దా"కి, "పెళ్ళికే"లోని "కే" అంత నొక్కు.)

"పిల్లకే పెండ్లి కాలా, పిల్ల కూతురికి పెండ్లి చేస్తాండావా!" అని అమ్మ నవ్వేసింది. ఆ నవ్వే కొంప ముంచింది. మా ఇంట్లో అమ్మ నవ్విందంటే ఒప్పుకున్నట్టే లెక్క. పుట్టని కూతురి పెళ్ళి పేరు చెప్పి నా చేత ఒక పాలసీ, నా పెళ్ళి పేరు చెప్పి ఇంకొకటి కట్టించాడు చిన్నాయన. వరుడు ఎవరో తెలియదు గానీ, ఖర్చు మాత్రం అప్పుడే మొదలైంది.

నర్సింగ్ హోములో సలహాలు ఇంకా ఖరీదైనవి. దాని యజమాని పెద్ద డాక్టరు, సర్జను. ఆయనా మా లాగే తెలుగు ఇంటి మనిషి. బయట తమిళమే మాట్లాడేవారు గానీ, నాతో, మనసు బాగున్నప్పుడు, ఇంటి తెలుగే. ఆపరేషన్ టేబుల్ దగ్గర ఆయన చేతులు చూస్తే దండం పెట్టాలనిపించేది. అవే చేతులకి నాలుగు డబ్బులు తగిలితే మాత్రం దురద పుట్టేది, వెంటనే ఇటుకలు తెప్పించేవారు. "రోగి వస్తాడు, పోతాడు. గోడ ఎక్కడికి పోతాదమ్మా?" అనేవారు. నేను చేరేనాటికి నర్సింగ్ హోముకి రెండంతస్తులు ఉండేవి. మూడోది నిత్యం కడుతూనే ఉండేది. ఇంజెక్షన్ నొప్పికన్నా సిమెంటు దుమ్ముకే రోగులు ఎక్కువగా మూలిగేవాళ్ళు. ఆ పై అంతస్తులో ఆయన ఒక స్కానింగు యంత్రం పెట్టబోతున్నారు. కడుపు స్కానింగంటే మూత్రం ఆపుకుని రావాలి. లిఫ్టు లేదు. నిండుచూలాలు మంచినీళ్ళు చెంబులకొద్దీ తాగి అన్ని మెట్లెక్కి ఎలా వస్తుందని ఎవరూ ఆయన్ని అడగలేదు (నేనూ అడగలేదు, జీతం ఇచ్చేది ఆయనే).

ఆ యంత్రానికి నన్ను కూడా భాగస్వామిని చేస్తానన్నారు. "చిన్న వయసులోనే నీకంటూ ఒక ఆస్తి ఉండల్ల. సోమవారం చెప్పు" అన్నారు, కన్నకూతురికి చెప్పినట్టే. సరిగ్గా అదే వారం మదురై నుంచి నాకు కబురు వచ్చింది, పిల్లల వైద్యంలో డిప్లొమాకి సీటు దొరికిందని. చేరిననాటి నుంచి దాచుకున్న డబ్బు రెండేళ్ళ చదువుకి బొటాబొటీ. స్కానింగు యంత్రంలో పెడితే చదువు లేదు, చదువుకి వెళితే యంత్రం లేదు, బహుశా ఉద్యోగమూ ఉండదు. ఎందుకు చదవాలనుకున్నానంటే, మా డ్యూటీల్లో ఫిట్స్ వచ్చిన పిల్లలు, ఎగశ్వాసతో వచ్చిన పిల్లలు వచ్చేవాళ్ళు. చేతనైంది చేసి, వ్యాను ఎక్కించి మదురైకి పంపేవాళ్ళం. వ్యాను మలుపు తిరిగేదాకా నిలబడి చూసేదాన్ని. తర్వాత ఆ పిల్ల ఏమైందో చాలాసార్లు తెలిసేది కాదు. అలా నిలబడటం నాకు చేతకాలేదు. అయినా పెద్ద డాక్టరు ఎదుట నోరు పెగల్లేదు. సీటు సంగతి అమ్మకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఆ శనివారం సాయంత్రం మా చుట్టుపక్కల డాక్టర్ల సంఘం సమావేశం. కార్యదర్శి పెద్ద డాక్టరే. అంశం: డాక్టర్లు ఏ వయసులో డబ్బు ఎలా చూసుకోవాలి. మాట్లాడటానికి మదురై నుంచి ఒక నిపుణుడు వస్తున్నారు. ఆయన ప్రొజెక్టరు మీద వేసే ప్లాస్టిక్ షీట్లని ముందే బస్సు పార్సిల్‌లో పంపించారు. షీట్లు భద్రంగా వచ్చాయి. సారు రాలేదు. తిరుమంగలం దాటాక కారు ఆగిపోయిందని, బస్సెక్కి మదురైకి వెనక్కి వెళ్ళిపోతున్నానని ఫోను చేశారు (ఆ రోడ్డు మీద ఇటు వచ్చే బస్సులు కూడా ఉంటాయని ఆయనకి తోచలేదు కాబోలు). హాలు నిండా డాక్టర్లు. భోజనాలకి చెప్పిన నూనె పరోటాలు ఇంకా పెనం మీదే ఉన్నాయి. పెద్ద డాక్టరు హాలంతా ఒకసారి కలయజూసి, అందరికన్నా చిన్నదాన్నని నన్ను పట్టుకున్నారు.

"పరోటాలు వచ్చేదాకా నువ్వు చదువమ్మా. అంతా ఇంగ్లీసులో రాసే ఉండాది, చదివితే చాలు."

నేను లేచాను. లేవడం బాగానే లేచాను గానీ, ప్రొజెక్టరు వైరు కాలికి తగులుకుంది. చేతిలో షీట్లు జారాయి. పైన తిరుగుతున్న ఫ్యాను వాటిని హాలంతా పంచిపెట్టింది. కంటి డాక్టరు ఒకటి, కాన్పుల డాక్టరమ్మ ఒకటి, ఇలా తలా ఒకటి ఏరి తెచ్చిచ్చారు. వయసుకి రెండేసి షీట్లు: మొదటిదాంట్లో బొమ్మా శీర్షికా, రెండోదాంట్లో సలహాలు. పేజీ నంబర్లు లేవు. ఉన్నా చూసే స్థితిలో లేను. చేతికి వచ్చిన వరస ప్రకారం పేర్చుకుని, హాల్లో లైట్లు తగ్గించాక ప్రొజెక్టరు దీపం వేశాను.

"మొదటి మెట్టు. కొత్తగా వృత్తిలోకి వచ్చిన డాక్టరు" అని చదివాను. తర్వాతి షీటు పెట్టి, అదే ఊపులో: "పని గంటలు తగ్గించుకోండి. కొత్త అప్పుల జోలికి పోకండి. వీలునామా రాయండి. మనవలతో కాలక్షేపం చేయండి."

కంటి డాక్టరు తల వంచుకుని అంతా శ్రద్ధగా రాసుకుంటున్నారు. వెనక నుంచి ఎవరో తమిళంలో, "కొత్త డాక్టరుకి మనవలు ఎక్కణ్ణించి వస్తారమ్మా?" అని అడిగారు. "అంటే... ముందుచూపు ఉండాలని" అన్నాను. పుట్టని కూతురికి పెళ్ళి ఖర్చు కడుతున్నదాన్ని, మనవలు నాకేమంత దూరం అనిపించలేదు.

పొరపాటు జరిగిందని అర్థమయ్యేలోపు చెయ్యి దానంతట అదే తర్వాతి షీట్లు వేసేసింది. "చివరి మెట్టు. అరవై దాటిన డాక్టరు." దాని కింద: "వయసు మీ వైపు ఉంది. ధైర్యం చేయండి. షేర్లలో పెట్టండి. అన్నిటికన్నా ముఖ్యం, పెద్ద చదువులు చదవండి."

ముందు వరసలో కుర్చీ కదిలింది. లేచింది మా మత్తు డాక్టరు. ప్రభుత్వ ఆస్పత్రిలో రిటైరై ఏళ్ళు గడిచినా, మోపెడ్ మీద ఊరంతా తిరిగి ఆపరేషన్లకి మత్తు ఇస్తూనే ఉండేవారు. మేమందరం రిటైర్డ్ సార్ అనేవాళ్ళం. అరుప్పుకోట్టలో మగ్గాలు నేసే తెలుగువాళ్ళ ఇంటి బిడ్డ. నేను క్షమించమని అడగబోతుంటే చెయ్యెత్తి ఆపారు.

"తియ్యొద్దమ్మా, తియ్యొద్దు. ఇది నాకోసరం దా రాసినట్ట ఉండాది." ఇది నాతో తెలుగులో. తర్వాత హాలు వైపు తిరిగి తమిళంలో అందుకున్నారు. "నవ్వకండి. షీట్లు తారుమారయ్యాయి, నిజమే. కానీ మన సంగతేమిటి? ఈ పిల్ల ఇంటిల్లిపాదినీ మోస్తూ ముసలమ్మలా జాగ్రత్తగా బతుకుతోంది. నేను ఈ వయసులో హౌస్ సర్జన్‌లా ఎప్పుడు పిలిస్తే అప్పుడు పరుగెత్తుతున్నాను. తారుమారైంది షీట్లు కాదయ్యా, మనమే."

అందరూ నవ్వారు. ఆయన కూర్చోలేదు. రిటైరైనప్పుడు చేతికొచ్చిన మొత్తాన్ని ఒక టేకు తోటల కంపెనీలో పెట్టిన సంగతి చెప్పారు. చెట్టు పెరుగుతుంది, డబ్బు పెరుగుతుందని రంగుల కాగితాలు పంపారట. ఒకరోజు తన చెట్టుని చూసి రావాలని భార్యని వెంటబెట్టుకుని బస్సులో వెళ్ళారట. వాచ్‌మన్ చాలాసేపు వెతికి, ఇదే మీ చెట్టని ఒక మొక్కని చూపించాడట. "మా ఆవిడ దాన్ని చూసి, తల్లో పెట్టుకోమంటారా అని అడిగింది!" హాలు గొల్లుమంది. నవ్వు ఆగాక నా వైపు తిరిగి, తెలుగు తెలిసినవాళ్ళకే అర్థమయ్యే మాట అన్నారు. "తమిళంలో వడ్డీని వట్టి అంటారు గదా పాపా. మంచి వట్టి ఇస్తామనిరి. తెలుగు వట్టి దా ఇచ్చిరి."

ఇక ఒకరి తర్వాత ఒకరు మొదలుపెట్టారు. మామగారి కళ్ళు చల్లబడాలని కంటి డాక్టరు అప్పు చేసి పెద్ద కారు కొన్నారట. కారు గుమ్మంలో నిలబడ్డప్పటి నుంచి ఈయన ఫీజు పెంచేశాడని ఊళ్ళో చెప్పుకుని, రోగులు పక్క వీధికి మళ్ళారట. ఇప్పుడు కారుని బావ ఇంట్లో దాచి, సైకిలు మీద ఆస్పత్రికి వస్తున్నారు. "నేను రాసుకుంటున్నది అందుకే" అన్నారు పాపం. కాన్పుల డాక్టరమ్మ కట్టిన పాలసీలన్నీ పెళ్ళీ, చదువూ అని పేర్లు పెట్టినవే. ఒక కాన్పు కేసు మధ్యలో ఆమే జారిపడి కాలు విరిగి మూడు నెలలు మంచం మీద ఉంటే, ఒక్క పాలసీ కూడా పనికి రాలేదట. "డాక్టరు మంచం ఎక్కితే ఆదాయం కూడా మంచం ఎక్కుతుంది. ముందు దానికి బీమా చేయండి. కొన్ని నెలలు ఇల్లు గడిచేంత బ్యాంకులో విడిగా పెట్టుకోండి. పెళ్ళిళ్ళు తర్వాత" అన్నారు. మదురై సారు ఎన్ని షీట్లు వేసినా ఈ మాట నాకు అంతగా ఎక్కేది కాదు. పరోటాలు వచ్చి గిన్నెల్లో చల్లారుతున్నా ఎవరూ లేవలేదు.

అప్పుడు రిటైర్డ్ సార్ అడిగారు. "కార్యదర్శి గారు నోరు విప్పలేదే? ఈ పిల్ల వయసు మళ్ళీ వస్తే మీరేం చేస్తారు?"

పెద్ద డాక్టరు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. గోడ గురించే చెబుతారని అందరం సిద్ధమయ్యాం. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, నెమ్మదిగా చెప్పారు. "నాకు పిల్లల ఆపరేషన్లు నేర్చుకోవాలని ఉండేది. మద్రాసులో సీటు వచ్చింది. అదే సమయంలో ఈ స్థలం బేరానికి వచ్చింది. చదువు వచ్చే ఏడు కూడా ఉంటుంది, స్థలం ఉండదు అనుకున్నాను. మొదటి అంతస్తు కట్టాను. ఆ అప్పు తీర్చడానికి రెండోది. నిన్న కూడా ఒక పసివాణ్ణి మదురైకి పంపించాను. ఆ వయసు మళ్ళీ వస్తే ఇటుక ముట్టుకోను. వెళ్ళి చదువుతాను."

"నాకు సీటొచ్చింది సార్!"

ఆ కేక ఎవరిదా అని నేనూ అటూ ఇటూ చూశాను. నాదే. దీపం వెలుగు నా మొహం మీద, హాలంతా మసక చీకటి, అన్ని తలలూ నా వైపు. ఇక దాచడానికి ఏముందని తెగించి, పిల్లల డిప్లొమా అనీ, మదురై అనీ, డబ్బు యంత్రానికి ఇస్తే చదువుకి లేదనీ, చెప్పడానికి భయమేసిందనీ, కొంత తమిళం కొంత ఇంగ్లీషు కలిపి వాగేశాను.

పెద్ద డాక్టరు అంతమంది తమిళుల మధ్య నిలబడి, ఆస్పత్రి మర్యాదంతా మరిచిపోయి, మా ఇంటి వరండాలో ఉన్నట్టు అరిచారు. "ఏమే! సీటొచ్చి చెప్పకుండా ఉండావా? నేనేమన్నా పులినా?"

ఆ మాటలు హాల్లో సగం మందికి అర్థం కాలేదు. భావం మాత్రం అందరికీ అర్థమై చప్పట్లు కొట్టారు. ఆయన దగ్గరికి వచ్చి, ప్రొజెక్టరు స్విచ్చి తనే కట్టేసి, గొంతు తగ్గించారు. "పోయి చదువు. యంత్రం ఎవురికైనా దొరుకుతాది. ఆదివారం ఆదివారం డ్యూటీకి రా, చేతి కర్చుకి ఆవుతాది. ఇప్పుడు పోయి పరోటా తిను, చల్లగా ఐపాయ."

ఇంటికి వెళ్ళి అమ్మకి చెప్పాను. "సభలో నిలబడి మాట్లాడితివా? ఎవురూ అడ్డం చెప్పలేదా?" అని అడిగింది. డబ్బు సంగతి ఆమె అసలు అడగలేదు. పాలసీ చిన్నాయన దగ్గరికి మాత్రం నేనే వెళ్ళి, పోతే మాత్రమే డబ్బొచ్చే చౌక పాలసీ ఒకటి, మంచం పడితే ఆదుకునేది ఒకటి కావాలన్నాను. కమిషను తక్కువ కావడంతో ఆయన మొహం వాడిపోయింది. "నువ్వే పోతే అని అడుగుతాండావు, ఇంక నేనేమి చెప్పేది?" అని కాగితాలు తీశాడు.

డిప్లొమా అయింది. రెండేళ్ళూ ఆదివారాలు విరుదునగర్‌లోనే గడిచాయి. స్కానింగు యంత్రం చివరికి కింది అంతస్తులోనే వెలిసింది (మెట్ల సంగతి ఎవరో అడిగే ఉంటారు). రిటైర్డ్ సార్ మాత్రం తన షీటుని అక్షరాలా పాటించారు. షేర్ల జోలికి పోలేదు గానీ, పెద్ద చదువు మొదలుపెట్టారు. ఇంట్లో జీవితాంతం మాట్లాడిన తెలుగు ఆయనకి చదవడం రాదు, నాకూ రాదు. చిత్తూరు నుంచి ఒకటో తరగతి వాచకం తెప్పించి, మధ్యాహ్నం తర్వాత ఆపరేషన్లు మానేసి, ఆదివారం నా డ్యూటీ గదిలో కూర్చుని, ఇద్దరం అ ఆలు దిద్దాం. రోగులు వచ్చి తలుపు దగ్గర నిలబడి, ఇద్దరు డాక్టర్లు బలపాలతో ఏం చేస్తున్నారా అని చూసేవాళ్ళు. టేకు డబ్బు ఆయనకి ఎప్పటికీ రాలేదు. ఒత్తులు మాత్రం నాకన్నా ముందు వచ్చేశాయి.

రెండువేల సంవత్సరం దాటాక కోవిల్‌పట్టిలో ఒక చిన్న అద్దె ఇంట్లో పిల్లల క్లినిక్ పెట్టాను. వ్యాను ఎక్కించాల్సిన పిల్లలు తగ్గారు. క్రమంగా కొత్త డాక్టర్లు నా దగ్గరికే వచ్చి, అక్కా, జీతం ఎలా దాచుకోవాలి అని అడగడం మొదలైంది. గొంతు సవరించుకుని చెప్పేదాన్ని. ముందు నీ చదువు, తర్వాత నీకు బీమా, కొన్ని నెలల ఖర్చు విడిగా, ఎవరో రంగుల కాగితం చూపిస్తే లేచి వచ్చెయ్, ఇల్లూ కారూ నిదానంగా. వాళ్ళు బుద్ధిగా తలూపేవాళ్ళు. నేనెంత తెలివిగలదాన్నయ్యానో అని లోపల మురిసిపోయేదాన్ని.

అంత తెలివిగలదాన్నీ, కయత్తారు పక్కన మెట్ట నేల కొన్నాను. చుట్టూ గాలిమరలు లేస్తున్నాయి, కంపెనీవాళ్ళు నేలని అద్దెకి తీసుకుంటారు, కూర్చుని తినొచ్చు అని అమ్మినవాళ్ళు అన్నారు. నేను ఒక్క మాట కూడా ఎదురడగలేదు. తూర్పున మరలు వచ్చాయి, పడమర వచ్చాయి, రోడ్డుకి అవతల కూడా వచ్చాయి. నా నేలలోకి మాత్రం ఎవరూ దిగలేదు. ఒక ఆదివారం అమ్మకి చూపించడానికి తీసుకెళ్ళాను, తిడుతుందని ముందే సిద్ధపడి. ఆమె చెప్పులు విప్పి, రేగడి మట్టి మీద కొంగు పరుచుకుని కూర్చుంది. దూరంగా తెల్లటి రెక్కలు నిదానంగా తిరుగుతుంటే చాలాసేపు చూసింది. జీవితమంతా అగ్గిపుల్లల మందు వాసనలో పనిచేసిన మనిషి, ఛాతీ నిండా గాలి పీల్చుకుంది.

"ఇంత మంచి గాలి ఊరికే వస్తాండాదే పాపా, దీన్ని పోయి ఎవురికో అద్దెకి ఇయ్యాల్నా?"

పెరుగన్నం పొట్లం విప్పాను. మా ఇద్దరి జుట్టూ మొహాల మీదికి ఎగురుతుంటే, ఒక చేత్తో వెనక్కి తోసుకుంటూ తిన్నాం. ఆ నేల ఇప్పటికీ అలాగే ఉంది. దానిమీద ఎంత లాభం వచ్చిందని కొత్త డాక్టర్లెవరైనా అడిగితే, నవ్వి మాట మారుస్తాను.